వెనక్కి తిరిగిన రిఫరీ

ఈ రోజు పొద్దున్న మా అక్క భర్తా నేనూ డైరీ ఫార్మ్ అనే పేటలోని మా ఇంట్లో అమెరికా బాస్కెట్‌బాల్ ప్లేఆఫ్ చూశాం. ఎవరి జట్టు ఓడితే వాళ్ళు నాన్న తెచ్చే చేపలు తోమాలని పందెం. చివరి క్షణంలో రిఫరీ నా జట్టు మీద ఫౌల్ ఊదాడు. నేను ఓడిపోయాను.

"ఆ రిఫరీ మీవాడే బావా, నేను తోమను గాక తోమను," అన్నాను.

అప్పుడే సముద్రం మీద చేపల వేట నుంచి వచ్చిన నాన్నకి మా గొడవ వింతగా తోచింది. పడవవాళ్ళు ఇంటి కూరకి ఉంచుకున్న చేపల్ని కుప్పలు పోసి పంచుకునేటప్పుడు ఒకరు వెనక్కి తిరిగి నిలబడి, ఏ కుప్ప ఎవరిదో చూడకుండా చెబుతారు. ఆ మాటకి తిరుగుండదు.

"అరే, చూసి చెప్తే అనుమానం రాదేటి? రిఫరీని ఎనక్కి తిప్పి నిలబెట్టాల," అన్నాడు నాన్న. వెంటనే అమ్మని గోడ వైపు తిప్పి, చేపల గిన్నె మీద చెయ్యి పెట్టి, "ఇదెవులిది?" అని అడిగాడు.

"ఇంకెవులిది, మనోడిదే. అల్లుడుగారి చేత చేపలు తోమిస్తామేటి?" అంది అమ్మ, గోడని చూస్తూనే.

తోమాను. మధ్యాహ్నం పులుసులో అన్నిటికన్నా రుచైన తలకాయ మాత్రం అమ్మ నా కంచంలోనే వేసింది. ఈసారి "ఫౌల్!" అని అరిచింది బావ.

మా ఇంటి రిఫరీ ఎవరి పక్షమో మీరే తేల్చండి. నేనైతే అప్పీలుకి వెళ్ళడం లేదు.