ఆరని బెంచీ

కుంచెను డబ్బాలో ముంచి, అంచుకి రెండుసార్లు రాసి, బెంచీ వీపు మీద ఆకుపచ్చ గీత లాగుతూ ఉంటేనే ఆయన థ్రింగు తాత. మా హార్ల్‌వెల్‌లో ఊటనీళ్ల తోటకి ఆయన కాపలాదారు. పదకొండేళ్లుగా ఒకే బెంచీకి రోజూ రంగు వేస్తున్నాడు. పదకొండేళ్లుగా అది ఆరలేదు.

ఆ తోట మా తాతల కాలంలో ఆవులు మేసే బీడు. ఎవరో డాక్టరు అక్కడి ఊటనీళ్లు తాగి కూడా బతికాడట. వెంటనే కంచె, గేటు, టిక్కెట్టు, బ్యాండు, చివరికి కమిటీ పుట్టుకొచ్చాయి. కుళ్లిన గుడ్ల వాసన కొట్టే ఆ నీళ్లను దొరలు పొద్దున్నే మూడు గ్లాసులు తాగి తోటంతా తిరుగుతారు. తిరగలేనివాళ్లను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మనుషులు లాగుతారు. ఆరోగ్యం కూర్చున్నవాడికి, ఆయాసం లాగినవాడికి. బెంచీలు మాత్రం టిక్కెట్టున్నవాళ్లవే. దొర స్నానం ముగించి వచ్చేదాకా లాగేవాడు చక్రం పక్కన నిలబడాలని కమిటీ రూలు.

కమిటీ పెద్ద కర్నల్ హాక్స్‌బీకి కోట్లన్నీ చారల కోట్లే అయిపోయాయి.

"థ్రింగ్! ఇది మూడో కోటు!"

"అట్టముక్క మీద రాసి పెట్టాను కదండీ దొరగారూ, రంగు తడిగా ఉందని."

"పోయినేడూ తడే, ఈ ఏడూ తడే! ఏం రంగయ్యా అది?"

"గాలిలో తేమండి. తమరు తాగే నీళ్ల మహిమే."

కమిటీ నన్ను పిలిపించింది. నేను తోటకి వడ్రంగిని. "వెళ్లి ఆ బెంచీ సంగతి తేల్చు. ముసలాడు కావాలనే చేస్తున్నాడంటే శనివారంతో వాడి ఉద్యోగం సరి" అన్నాడు కర్నల్.

దొరలు స్నానాలకు వెళ్లిన వేళ చూసి వెళ్లాను. పొదల చాటున ఆ బెంచీ మీద కుర్చీలు లాగేవాళ్లు నలుగురు, వీపు ఆనించకుండా బుద్ధిగా కూర్చున్నారు. వెనక తాత రంగు వేస్తున్నాడు. వాళ్లలో ముసలి పిల్బీమ్ బూటు విప్పి, వాచిన పాదం గాలికి పెట్టాడు.

"కూర్చోరా అబ్బాయ్," అన్నాడు. "వెనక్కి మాత్రం వాలకు. వాలితే నువ్వూ కర్నలే."

పలకలు తడిమాను. పొడిగా, నున్నగా ఉన్నాయి. ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని అరగదీసిన చెక్క.

"తాతా, కూర్చునే చోట రంగే లేదే?"

"పొదుపు," అన్నాడు థ్రింగు, కుంచె ఆపకుండా. "బెంచీ ముందు కాలు ఒకటి కదులుతోంది. అది చూడు ముందు."

చెక్క విషయంలో నేనెప్పుడూ అబద్ధమాడలేదు. ఆ ఒక్కసారి ఆడాను.

"చెక్క బాగా నీళ్లు తాగిందండి," అన్నాను కర్నల్‌తో. "రోజూ రంగు పడకపోతే కుళ్లిపోతుంది."

"ఎన్నాళ్లు?"

"చెప్పలేమండి."

కర్నల్ మీసం దువ్వుకున్నాడు. "అలాగైతే ఆ అట్టముక్క తీసిపారెయ్. మన తోటకే సిగ్గుచేటు. గట్టి బోర్డు చెయ్."

దొర ఆజ్ఞ! శుక్రవారం బెంచీకి కొత్త కాలు బిగించాను. ఓక్ చెక్క మీద 'రంగు తడిగా ఉంది' అని వేలు మునిగేంత లోతుగా చెక్కి, తాత చేతిలో పెట్టాను.

ఆయన అక్షరాలన్నీ వేలితో తడిమి చూశాడు. "ఎన్నేళ్లుంటుంది?"

"యాభై."

"చాలు," అన్నాడు తాత. "ఆలోగా ఆరదులే."