పైసా ఖర్చులేని యూరప్

స్విట్జర్లాండులో నేను ఒక్క పూట కూడా పస్తు ఉండలేదు. రైల్వే స్టేషను బెంచీ మీద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఈ రెండు ముక్కలూ అమలాపురంలో నా మొదటి ఉపన్యాసంలోనే చెప్పి ఉంటే ఆ ఉపన్యాసం అక్కడితో ముగిసేది, నేను మామూలు మనిషిలా ఇంటికి పోయేవాణ్ణి. చెప్పలేదు. అందుకే కొన్నేళ్ళపాటు కోనసీమలో గొప్పవాడిగా చలామణి అయ్యాను.

డెబ్బైల చివరి మాట. నేను కాలేజీలో ట్యూటరుగా ఉండేవాణ్ణి. జర్మనీలో ఏదో క్రైస్తవ యువజన సదస్సుకి మా చర్చి నుంచి ఒకరిని పంపమన్నారు, విమానం ఖర్చు వాళ్ళదే. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతానని నాకు పేరుండేది. నేను మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు వచ్చినవాళ్ళు దగ్గర్లో లేకపోవడమే దానికి కారణం. సదస్సు వారం రోజులు. తిరుగు టిక్కెట్టు మాత్రం రెండు నెలలు చెల్లుతుంది. ఆ మిగిలిన రోజులు వీపున సంచీ వేసుకుని యూరప్ చూసేద్దామని నిర్ణయించాను. ఆ రోజుల్లో దేశం దాటేవాడి చేతిలో ప్రభుత్వం పెట్టే విదేశీ డబ్బు చూస్తే, వెళ్ళిరమ్మన్నట్టు ఉండేది కాదు, వెళ్ళొద్దన్నట్టు ఉండేది.

మా చర్చి కుటుంబాల్లోనే, రాజోలు దగ్గర పల్లెలో ఒక పెద్దమ్మగారు ఉండేవారు. నాకు రక్తసంబంధం ఏమీ లేదు, అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడ కూతురు స్విట్జర్లాండులో నర్సు. ఆవిణ్ణి నేను అక్కా అనేవాణ్ణి. ప్రయాణానికి ముందు పెద్దమ్మగారు మాగాయ డబ్బా, సున్నుండల డబ్బా పట్టుకుని అమలాపురం బస్టాండుకి వచ్చారు.

"మా పిల్లకి ఇచ్చెయ్యి బాబూ. నువ్వొస్తన్నావని ఉత్తరం రాసేను. రైలు కాడికొస్తది."

"ఆయ్, అలాగేనండి పెద్దమ్మగారూ."

"దార్లో ఆకలేస్తే నువ్వూ తిను. డబ్బా మాత్రం మోత బరువుందని దార్లోనే ఖాళీ చేసెయ్యకేం."

సున్నుండల డబ్బా జర్మనీ సదస్సు పూర్తయ్యేలోపే ఖాళీ అయింది. మాగాయ మాత్రం భద్రంగా చేర్చాను, దాన్ని ఉత్తగా తినడం కష్టం కాబట్టి.

ఖరీదైన దేశాల్లో డబ్బు ఎలా మిగుల్చుకోవాలో తర్వాత నేను చాలామందికి బోధించాను. కుళాయి నీళ్ళు తాగమన్నాను. సంత ఎత్తేసే వేళకి వెళితే కూరలు సగం ధరకి వస్తాయన్నాను. రాత్రి రైలెక్కితే హోటలు ఖర్చు తప్పుతుందన్నాను. ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతి ఇంకొకటి ఉంది, అది బోధించలేదు. రాజోలు పిల్ల ఒకామె అక్కడ నర్సుగా ఉండాలి, మనం ఆవిడ గదిలో దిగిపోవాలి.

ఆవిడది ఒకే గది, ఒకే మంచం. నేను వెళ్ళిన రోజే ఆవిడ ఆసుపత్రిలో అడిగి అన్నీ రాత్రి డ్యూటీలు వేయించుకుంది. రాత్రి ఆ మంచం నాది. పొద్దున్న ఆవిడ వచ్చేసరికి నేను సంచీ తగిలించుకుని బయటికి పోవాలి, అప్పుడు మంచం ఆవిడది. "నాకు నైట్ డ్యూటీ అంటేనే ఇష్టం తమ్ముడూ, ప్రశాంతంగా ఉంటది" అంది. నాకు వీలుగా ఉన్న మాటలు నేనెప్పుడూ వెంటనే నమ్ముతాను.

రైలు పాసు ఆవిడే కొంది. ఆ పాసుతో డెన్మార్కు దాకా వెళ్ళాను, నార్వే కూడా చూశాను. రెండు మూడు రోజులు రైళ్ళలోనే కూర్చుని, నిద్రపోయి, కిటికీలోంచి ఖరీదైన దేశాలన్నీ ఉచితంగా చూసి, ఆకలేసేసరికి మళ్ళీ అక్క గదికి చేరేవాణ్ణి. బయల్దేరేటప్పుడల్లా ఖాళీ కాఫీ డబ్బాలో పులిహోర కూరి ఇచ్చేది. అక్కడ ఒక కప్పు కాఫీ పెట్టే ధరకి అమలాపురంలో నలుగురు కడుపునిండా భోంచేయవచ్చు. అందుకే కాఫీ కూడా గదికొచ్చే తాగేవాణ్ణి, ఆవిడ కాఫీపొడితో.

ఒక ఆదివారం సెలవు దొరికితే నాతోపాటు సరస్సు దగ్గరకి వచ్చింది. వెనక మంచుకొండ, వీపున సంచీ, ఒళ్ళో కాఫీ డబ్బా, చేతిలో పులిహోర ముద్ద. అలా నన్ను ఒక ఫొటో తీసింది. తిరిగి వచ్చేసే రోజున రైలు కదులుతుంటే కిటికీ పట్టుకుని, "ఈసారి ఫోన్ చేసి రావాలి తమ్ముడూ. ముందే సెలవు పెట్టుకుంటాను, నేనూ నీతో తిరుగుతాను" అంది.

ఇక్కడికి వచ్చాక కాలేజీవాళ్ళు స్లయిడు ప్రొజెక్టరు అరువు తెచ్చి ఉపన్యాసం పెట్టించారు. "పైసా ఖర్చులేని యూరప్" అని బోర్డు కూడా రాశారు. పులిహోర ఫొటో తెరమీద పడగానే "స్వయంపాకం" అన్నాను. చప్పట్లు కొట్టారు. చుట్టుపక్కల పురుగు కూడా లేని చోట ఒంటరిగా అన్నం తింటున్న వాణ్ణి ఫొటో ఎవరు తీశారని హాల్లో ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్ళ మధ్య ఉపన్యాసం చెప్పడంలో ఉన్న హాయి అదే.

చివర్లో ఒక పెద్దాయన లేచాడు. "మనవాళ్ళెవరూ తగల్లేదాండీ అక్కడ?"

తగిలి అన్నం పెట్టారని చెబితే నా బెంచీ నిద్రా, నా పస్తులూ, నా గొప్పా ఏమైపోవాలి. "తగిలేరండి ఒకావిడ. రాజోలు వైపే, నర్సు. తలుపు తీసి, 'ఫోన్ చేసి రావాలి' అన్నారండి" అన్నాను.

హాలంతా గొల్లుమంది. మా వైపు ఇంటికొచ్చిన వాళ్ళని చూశాక ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తారు తప్ప, ముందు చెప్పి రమ్మనే మనిషి ఉంటుందని ఎవరికీ తెలియదు. నేను చెప్పింది ఆవిడ మాటే, ఒక్క అక్షరం కల్పించలేదు. రెండో సగం మాత్రం మింగేశాను. పైగా పేరు చెప్పలేదు, అంత మర్యాదస్తుణ్ణి. రాజోలు వైపు నుంచి అక్కడున్న నర్సు ఒక్కర్తే అన్న సంగతి జిల్లా అంతా ఎరుగుదురు.

కొత్తపేటలో చెప్పినప్పుడు తలుపుకి గొలుసు చేర్చాను. ముమ్మిడివరంలో ఆవిడ గడియారం చూసుకుంది. రావులపాలెం చేరేసరికి తెలుగు కూడా మర్చిపోయింది. తినకుండా ఎలా బతికానో చెప్పడానికి నన్ను ఊరూరా భోజనాలకి పిలిచేవారు.

రాజోలు చర్చిలో మాత్రం ఆ ముక్క వదిలేద్దామనే అనుకున్నాను. ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద పెద్దమ్మగారు కూర్చుని ఉన్నారు. కానీ కమిటీ ఆయన ఒకరు, "ఆ ఫోన్ సంగతి చెప్పండి బాబూ, దానికోసవే వచ్చేరు జనం" అన్నారు. జనం కోరితే కాదనడం నాకు చేతకాదు. చెప్పాను. అందరూ నవ్వారు. పెద్దమ్మగారు నవ్వలేదు. అయిపోయాక దగ్గరకి వచ్చారు.

"అది మా పిల్లేనా బాబూ?"

కమిటీవాళ్ళు చుట్టూ ఉన్నారు. "అక్కడి పద్ధతులు వేరండి పెద్దమ్మగారూ. ఆవిడ తప్పేం లేదు" అన్నాను. అబద్ధాన్ని అంత దయగా చెప్పడం అందరికీ రాదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "పద, అన్నం తిని వెళుదువుగాని" అన్నారు.

అలా మొదలైంది. కూతురు పెట్టని అన్నం తల్లి పెట్టాలన్నది ఆవిడ లెక్క. పరీక్షల పని మీద నేను రాజోలు వెళితే చాలు, ఎలాగో తెలుసుకుని మనిషిని పంపేవారు. కొరమీను పులుసు, ముద్దపప్పు, మీగడ పెరుగు. పీట వేసి, విసనకర్రతో విసురుతూ, "అక్కడ మా పిల్ల ఎగ్గొట్టిన ముద్ద ఇది" అని వడ్డించేవారు. నేను తినేవాణ్ణి. ఖరీదైన దేశంలో కూతురింట, చవక దేశంలో తల్లింట, డబ్బు మిగల్చడంలో నన్ను మించినవాడు లేడు. ఒకసారి నేను తింటుండగానే పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. "ఏవమ్మా, మీ అమ్మాయింటికెళ్ళాలంటే ముందు ఫోన్ చెయ్యాలంట. మరి మీ ఇంటికి రావాలంటే ఏటి చెయ్యాలి?" పెద్దమ్మగారు నాకు ఇంకో గరిటె పులుసు వేశారు.

ఎనభైల మధ్యలో అక్క సెలవు మీద వచ్చింది. ఆ సంగతి తెలియక, మనిషి పిలవగానే అలవాటు ప్రకారం వెళ్ళి పీట మీద కూర్చున్నాను. సగం తిన్నాక పెరటి గుమ్మంలో ఆవిడ కనబడింది.

"ఇదిగో, చూసుకో" అన్నారు పెద్దమ్మగారు. "నువ్వు పెట్టలేదు. నేను పెడతన్నాను."

అక్క నాకేసి చూసింది. నా నోట్లో ముద్ద ఉంది. అది మింగి నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. నేను మింగాను కానీ చెప్పలేదు.

"పెరుగు వెయ్యమ్మా" అంది అక్క. "ముందు నుంచీ తమ్ముడికి పెరుగిష్టం."

నాకు పెరుగిష్టమని ఆవిడకెలా తెలుసునో తల్లికి తట్టలేదు.

చేయి కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ అక్క మెల్లగా మాట్లాడింది. "అమ్మ ఉత్తరాల్లో రాసింది. కాదమ్మా అని రాసేను, నమ్మలేదు. నువ్వు చదువుకున్నోడివి, దేవుడి గుళ్ళో నిలబడి చెప్పేవంట. ఊరోళ్ళు ఏవనుకున్నా నాకు పర్లేదు తమ్ముడూ. వారం రోజుల్నుంచీ ఇంట్లో ఉన్నాను. నేను కంచం ముందు కూచుంటే మా అమ్మ నాకేసి ఒకలా చూస్తంది. ఆ చూపుతో నన్ను మళ్ళీ విమానం ఎక్కించకు."

"ఇప్పుడే చెప్పెయ్యనా అక్కా?"

"వంటింట్లో చెబితే నేను చెప్పమన్నాననుకుంటది. ఎక్కడన్నావో అక్కడే అను."

ఆదివారం ఆరాధన అయ్యాక రెండు నిమిషాలు మాట్లాడతానని కమిటీని అడిగాను. జనం సంతోషంగా చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. పెద్దమ్మగారు ముందు వరసలో, పక్కనే అక్క.

"నేను స్విట్జర్లాండులో బెంచీ మీద పడుకోలేదండి. ఆ నర్సుగారి మంచం మీద పడుకున్నాను" అన్నాను. నవ్వారు. "నా కోసం ఆవిడ రాత్రిళ్ళు డ్యూటీ చేసేరండి" అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఏళ్ళ తరబడి నేను తయారుచేసుకున్న శ్రోతలు కదా, నేనేం చెప్పినా నవ్వడానికే సిద్ధం. కమిటీ ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇది కొత్తది, బావుందండి" అన్నారు.

అప్పుడు జేబులోంచి ఆ పులిహోర ఫొటో తీసి, వేదిక దిగి పెద్దమ్మగారి ఎదుట చాప మీద కూర్చున్నాను. ఫొటో ఆవిడ చేతిలో పెట్టాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఇది తీసింది అక్కేనండి పెద్దమ్మగారూ. ఆ డబ్బాలో అన్నం అక్క వండిందే. అక్కడున్నన్నాళ్ళూ అక్కే పెట్టింది, మీరు పెట్టినట్టే పెట్టింది. ఫోన్ చేసి రమ్మన్న మాట నిజవే. ఈసారి వస్తే నాకోసం ముందే సెలవు పెట్టుకోడానికి అలా అంది. ఆ ముక్క నేను దాచేసేను. మీ పిల్ల అన్నం పెట్టలేదని మీ ఎదుటే, ఇక్కడే చెప్పేను. మీరు నమ్మేరని తెలిసి కూడా మీ ఇంట్లో కూచుని తిన్నాను. తప్పు చేసేనండి. మీరూ, అక్కా నన్ను క్షమించండి."