నా బదులు జతులు చెప్పిన పిల్ల

విమానాశ్రయం తెరిచిన ఏడాది మా వారికి అక్కడ ఉద్యోగం రావడంతో విజయవాడ నుంచి శంషాబాద్ వచ్చాం. ఊళ్ళో ఒక మేడ మీది వాటా కిరాయికి దొరికింది. ముందుగది విశాలంగా ఉంది. సామాను సర్దకముందే, ఇక్కడ పిల్లలకు కూచిపూడి నేర్పవచ్చు అనుకున్నాను. మొదట ఇంటివాళ్ళ అమ్మాయి వచ్చింది, తర్వాత వీధిలో పిల్లలు. ఏడాది తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా రావడం మొదలైంది.

అలా మంఖాల్ నుంచి వచ్చిందొక పిల్ల. వాళ్ళ నాన్న కూరగాయలు పండించే రైతు. సాయంత్రం మోపెడ్ మీద దింపి, క్లాసయ్యేదాకా కింద అరుగు మీద కూర్చునేవాడు. ఆ పిల్లకు కాళ్ళకంటే నోరు ఎక్కువ ఆడేది. అడుగు వేస్తూ మాట్లాడేది, గజ్జెలు కట్టుకుంటూ మాట్లాడేది. ఇంటి మీదుగా విమానం వెళ్తుంటే నేను తాళం వేసే తట్టుకర్ర పక్కన పెట్టి, చప్పుడు పోయేదాకా ఆగేదాన్ని. ఆ కాస్త వ్యవధిలో పక్కపిల్లకు ఏదో ఒక ముచ్చట చెప్పేసేది.

"కాసేపు నోరు మూసుకోమ్మా" అంటే,

"మూసుకుంటే నాకు దమ్మాడదక్కా" అనేది. నవ్వు ఆపుకోలేక నేను గోడవైపు తిరిగేదాన్ని.

కొన్నేళ్ళు అలా గడిచాక నా గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. చివరికి ఒక ఉదయం లేచి మా వారిని పిలిస్తే గాలి తప్ప మాట రాలేదు. దవాఖానలో చూసి, గొంతులో చిన్న కాయలు లేచాయన్నారు. ఆపరేషన్ చేసి, కొన్ని వారాలపాటు గుసగుసగా కూడా మాట్లాడకూడదని గట్టిగా చెప్పి పంపారు.

అప్పటికే శ్రీరామనవమి పందిట్లో మా పిల్లల నాట్యం ఒప్పుకుని ఉన్నాం. మా వారు తల్లిదండ్రులందరికీ ఫోన్లు చేసి, క్లాసులు లేవు, కార్యక్రమం కూడా ఉండదు అని చెప్పేశారు. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. పాఠం చెప్పలేని మనిషికి సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అప్పుడే తెలిసింది.

మర్నాడు సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు. పిల్లలంతా వచ్చేశారు. ముందు ఆ మంఖాల్ పిల్ల.

"నువ్వు మాట్లాడకక్కా. చేతులతోని చెప్పు. మాకు నువ్వే నేర్పినవ్ గద, చేతులతోని చెప్పుడు. నేను అర్థం జేసుకుని అందరికి చెప్త."

వద్దని చేయి ఊపాను. "షురూ చెయ్యమంటున్నది" అని వాళ్ళకు చెప్పేసింది.

ఆ రోజు నుంచి ఆమే నా గొంతు. నేను కర్ర వాయించేదాన్ని, ఆమె తకధిమి తకఝణు అంటూ జతులు చెప్పేది. నేను మోకాలు తట్టి చూపిస్తే, "అక్క ఏమంటున్నదంటే, మోకాళ్ళు ఇంకా వంచుర్రి. నాటేసేటప్పుడు వంగినట్టు గాదు. నడుం నిలబడాలె, మోకాళ్ళే వంగాలె" అనేది. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. ఒక్కోసారి నేను చెప్పనివీ చెప్పేది.

"మస్తు జేసిండ్రు అంటున్నది అక్క."

నేను అనలేదని తల అడ్డంగా ఊపితే, "చూడుర్రి, అక్కకు సిగ్గయితున్నది" అంది. గది గదంతా నవ్వింది. చప్పుడు రాకుండా నేనూ నవ్వాను.

అది చూసి మా వారు మళ్ళీ అందరికీ ఫోన్లు చేసి, కార్యక్రమం ఉంటుందని చెప్పారు. నవమి దగ్గర పడింది. పాటలు పాడే ఆవిడ ఉంది కాని, జతులు చెప్పడానికి మనిషి కావాలి. ఒక సాయంత్రం క్లాసయ్యాక కింద అరుగు దగ్గర తండ్రీకూతుళ్ళ మాటలు వినిపించి మెట్ల మీద ఆగిపోయాను.

"బాపూ, నేను ఆడను. అక్క పక్కన కూసొని జతులు చెప్త."

"గట్ల ఏడ్సుకుంట చెప్తున్నవేంది బిడ్డా? ఆడాలని లేదా?"

"ఉన్నది. గని నేను ఆడితే ఎవలు చెప్తరు? అందరిది ఆగిపోతది."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "అక్కా, పిల్ల పరేషాన్ అయితున్నది. జర నువ్వే ఏదన్న చెయ్యి" అన్నాడు. నేను మెట్లు దిగి వచ్చి, కొంగుతో ఆ పిల్ల కళ్ళు తుడిచాను.

నవమి నాడు అందరితో పాటు ఆమెకూ బట్టలు కట్టాను, జడ వేశాను, గజ్జెలు కట్టాను.

"కూసునుడే గద, నాకెందుకక్కా గజ్జెలు?" అంది. వేలితో ఆగమన్నాను.

పందిట్లో నా పక్కన కూర్చుని గొంతెత్తింది. బెరుకు లేదు. రెండో అంశంలో మాత్రం, జతి మధ్యలో మాట మరిచిపోయి భయంగా నా మొహంలోకి చూసింది. నేను కంగారు పడకుండా తాళాలు వాయిస్తూ, తాళం చుట్టు తిరిగి మళ్ళీ మొదలయ్యే చోట తల ఊపాను. చటుక్కున అందుకుంది. ఆడుతున్న పిల్లలు కూడా తడబడలేదు.

చివర మంగళహారతి. అందులో జతులుండవు, పాట ఒక్కటే. పాట ఎత్తుకోగానే ఆమె వీపు మీద చేయి వేసి వేదికవైపు నెట్టాను. ఒక్క క్షణం అర్థం కాక చూసి, లేచి పరుగెత్తింది. పిల్లలు జరిగి మధ్యలో చోటిచ్చారు. ఆమె ఆడుతుంటే జనంలో నిలబడ్డ వాళ్ళ నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకోవడం కనిపించింది. నాకూ తాళాలు సరిగ్గా కనిపించలేదు.

వానాకాలం వచ్చేసరికి నా గొంతు తిరిగొచ్చింది. పాత గొంతు కాదు, కాస్త గరగరగా ఉండేది. నేను చెప్పేది పిల్లలకు వినిపిస్తే చాలనుకున్నాను.

2014లో ఆ పిల్ల ఇంటర్ చదువుతూ, మంఖాల్‌లో వాళ్ళ వాకిట్లోనే చిన్నపిల్లలకు అడుగులు నేర్పడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం నన్ను పిలిచింది. వెళ్ళేసరికి పాఠం నడుస్తోంది. కుర్చీ చూపించి, మళ్ళీ పిల్లల వైపు తిరిగిపోయింది. ఒక బుడ్డది నన్ను చూసి, "ఎవలక్కా ఆమె?" అని అడిగింది.

"మా అక్క. మీకు గూడ అక్కనే. ముందు కాళ్ళు సక్కగ పెట్టు."

పిల్లలు వెళ్ళాక వాళ్ళ నాన్న మక్కబుట్టలు, అదే మొక్కజొన్న పొత్తులు, కాల్చి తెచ్చాడు. ముగ్గురం వాకిట్లో కూర్చుని తిన్నాం. వెలుతురు తగ్గకముందే ఆయనే నన్ను బండి మీద శంషాబాద్‌లో దింపాడు.