విమానం రెక్క మీది ఎర్ర బొట్టు

పెయింట్ థిన్నర్ వాసన తగిలితే చిన్నప్పుడు అన్న మీద నాకున్న కుళ్ళు గుర్తొస్తుంది. వరంగల్ ఇంట్లో వారం రోజులుగా డాడీ, అన్న కలిసి ప్లాస్టిక్ విమానానికి రంగులేస్తున్నారు. యుద్ధకాలపు జపాన్ విమానమట. డాడీ నావైపు చూడనే లేదు. చివరికి దాని రెక్క మీద ఎర్రగా, గుండ్రంగా దిద్దాడు. చర్చికి పోయేవాళ్ళం, బొట్టు వద్దని నాకు చెప్పిన మనిషి విమానానికి పెడతాడా? ఆ తడి రంగును వేలితో తీసి నుదుట పెట్టుకున్నాను.

"డాడీ, చెల్లె మొత్తం ఖరాబ్ చేసింది!" అన్న అరిచాడు. "అది బొట్టు గాదే పిచ్చిదానా, జపానోళ్ళ సూర్యుడు!"

డాడీ తిట్టలేదు. "జర కదలకు బిడ్డా," అంటూ కొబ్బరినూనె గుడ్డతో నా నుదురు మెల్లగా తుడవసాగాడు.

"రెక్క ఆరిపోతాంది డాడీ!"

"ఆరనియ్యిరా."

దేవునికి స్తోత్రం, ఆ రంగు తొందరగా వదల్లేదు.