అమ్మకు మూడు రోజులు

పొద్దున ఆరింటికి అమ్మ తల దువ్వడం నా పని. వంటింటి కిటికీ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. నేను వెనక నిలబడి కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, నిమ్మకాయంత ముడి వేసేదాన్ని. మేమిద్దరం ఎక్కువగా మాట్లాడుకునేది ఆ అరగంటలోనే. మా ఆయన శ్రీనాథ్ లేచాక అమ్మ ఇక నోరు విప్పేది కాదు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

ఫిబ్రవరిలో అమ్మ పోయింది. ఇప్పుడు ఆరింటికి నేను ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. అంతకుముందు అవి బ్లాకు కింద లాండ్రీకి వెళ్లేవి. కర్మ అయిన మర్నాడే, "పొద్దున్న ఖాళీయేగా నీకు, ఇవి నువ్వే చేసెయ్యి," అన్నాడు.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. అమ్మ గురించి నాలుగు మాటలు రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. రాస్తుంటే అన్నీ తగాదా మాటలే వస్తున్నాయి. రానీ.

అమ్మ పేరు లక్ష్మీదేవి. మాది తణుకు దగ్గర. నాన్న పోయాక, నేనొక్కదాన్నే సంతానం కాబట్టి, దేశం దాటించి మేముండే యీషున్‌కి తీసుకొచ్చాను. అల్లుడి ఇంట్లో ఉంటున్నానన్న సంగతి అమ్మ ఒక్క పూట కూడా మరిచిపోలేదు. ఆయన ఇంట్లో ఉంటే సోఫాలో కూర్చునేది కాదు. ఆయన తిన్నాకే కంచం ముట్టేది. ఆయన రాఫెల్స్ ప్లేస్‌లోని బ్యాంకు ఆఫీసుకు బయల్దేరి లిఫ్టు తలుపు మూసుకున్నాక అమ్మకు ప్రాణం లేచొచ్చేది. కిందికి దిగి, బెంచీ మీద ఒక మలాయ్ ముసలామె పక్కన కూర్చునేది. ఒకరి భాష ఒకరికి రాదు. రోజూ రెండు గంటలు మాట్లాడుకునేవారు. మోకాళ్ల గురించే అని నా అనుమానం.

నెలకోసారి నన్ను రైలెక్కించమనేది. యీషున్‌లో ఎక్కి ఆ చివరి స్టేషన్ దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న రైలెక్కి తిరిగొచ్చేవాళ్లం. ఎక్కడికీ కాదు, ఊరికే. రైలు నేల లోపలికి దూరగానే కిటికీలో ఏమీ కనబడదు కదా, అప్పుడు అమ్మ ఎదుటివాళ్ల చెప్పులు చూసేది. ఎవరెవరు ఎక్కడ పని చేస్తారో చెప్పులను బట్టి చెప్పేది.

అమ్మ పోయిన పదిహేనో రోజుకి, మా అమ్మాయి కావ్యశ్రీ గదిలో అమ్మ మంచం తీసేశారు. ఆ చోటులో మూడు సూట్‌కేసులు వచ్చి కూర్చున్నాయి.

ఏప్రిల్లో ఒక ఆదివారం నా ఆడపడుచు భువన, ఆమె భర్త జగన్మోహనరావు మా ఇంటికొచ్చారు. భువన మా ఆయనకి చెల్లెలు, వాళ్లూ ఈ దేశంలోనే ఉంటారు. భోజనాలయ్యాక మా ఆయన బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. జూన్ సెలవుల్లో అందరం స్విట్జర్లాండ్ వెళ్తున్నామట. నాలుగు రోజులూ రైళ్లలోనే. ఆల్ప్స్ కొండల మీదుగా పోయే ఎర్ర రైలు ఒకటి. పళ్ల చక్రంతో పట్టాలను పట్టుకుని మంచు శిఖరం దాకా ఎక్కే రైలు ఇంకొకటి. బొమ్మలు చూపిస్తున్నాడు. కావ్యశ్రీ కుర్చీ మీద మోకాళ్లు వేసి చూస్తోంది.

"నేను ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కనండీ," అన్నాను.

"ఏ ఏడాది?" అన్నాడు, తెర మీది నుంచి కళ్లు తీయకుండానే.

"అమ్మ పోయిన ఏడాది."

భువన నవ్వింది. "అయ్యో వదినా! పెళ్లయిన ఆడపిల్లవి. అమ్మకైనా నాన్నకైనా నీకు మూడు రోజులే మైల. అదెప్పుడో తీరిపోయింది."

"మాసికాలు కూడా పన్నెండో రోజే కలిపి చేయించేశా. ఇంక ఎవరికీ ఏమీ లేదు," అన్నాడాయన.

అది నిజమే. అమ్మకి కొడుకులు లేరు. మండాయ్ శ్మశానంలో దహనం దగ్గర్నుంచి కర్మ అంతా ఆయనే చేశాడు, కాదనను. నెలనెలా పెట్టాల్సినవి మాత్రం ఆఫీసులో సెలవు లేదని ఒక్క రోజులో ముగించాడు. పురోహితుడు కుదరదనలేదు. నన్నెవరూ అడగలేదు.

"మరి మామయ్యగారు పోయినప్పుడు గెంటింగ్ ఎందుకు మానేశాం?" అన్నాను.

గెంటింగ్ అంటే పక్కన మలేషియాలో కొండ. ఏడేళ్ల కిందట బస్సు టికెట్లు కూడా తీసుకున్నాం. ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదని భువనే ఫోన్ చేసి మాన్పించింది. అప్పుడు కావ్యశ్రీకి ఎనిమిదేళ్లు, ఏడ్చి ఏడ్చి పడుకుంది. ఆ ఏడాది మా ఇంట్లో ఉగాది లేదు, దీపావళి లేదు. నేనెప్పుడైనా ఎందుకన్నానా? అనలేదు.

"గెంటింగ్ కొండైనప్పుడు ఆల్ప్స్ కొండ కాదా?"

జగన్మోహనరావు సర్దబోయాడు. "చెల్లెమ్మా, ఎక్కేది రైలు. మనం కూర్చుంటాం అంతే. అది ఎక్కడం కిందికి రాదు."

"గెంటింగ్‌కి కూడా బస్సే ఎక్కేది అన్నయ్యగారూ."

జగన్మోహనరావు జంతికల పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. 

"అది వేరు. ఆయన మా నాన్న," అంది భువన.

"నీకు పెళ్లయి అప్పటికి పదేళ్లు. మీ నాన్నగారికి నీకూ మూడు రోజులేగా భువనా? మరి ఏడాదంతా పూలు పెట్టుకోలేదే?"

భువన మొహం జేవురించింది. "అన్నయ్యా, విన్నావా? ఇన్నేళ్లలో వదిన నోట ఇంత మాట వినలేదు. మీ అత్తగారు పోతూ పోతూ కూతురికి నోరు ఇచ్చి పోయారు!"

"ఎందుకే గొడవ," అన్నాడాయన నాతోనే, భువనతో కాదు. "శిఖరం మీదికి వెళ్లే రోజు నువ్వు రావద్దులే. కింద స్టేషన్లో సామాను దగ్గర కూర్చో."

"అదీ బాగుంది," అంది భువన. "వదిన సూతకమూ నిలుస్తుంది, మన సామానూ నిలుస్తుంది."

ముగ్గురూ నవ్వారు. కావ్యశ్రీ నవ్వలేదు. ఫోన్ చూసుకుంటోంది, వింటోందో లేదో తెలియలేదు.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్లాక బల్ల తుడుస్తుంటే, ప్రింటు తీసిన కాగితాలు కనబడ్డాయి. గళ్లు గళ్లుగా ప్రయాణం అంతా వేసి ఉంది. ఇంగ్లీషు నాకు గబగబా రాదు, కూడబలుక్కుంటే పేర్లు తెలుస్తాయి. కిటికీ పక్క సీట్లలో కావ్యశ్రీ, భువన. టికెట్లు శ్రీనాథ్. ఫోటోలు జగన్. నా పేరు కోసం వెతికాను. ఉంది. ప్రతి రోజుకీ ఉంది, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు గళ్లలోనూ ఉంది. "ఫుడ్: సూర్య." హోటళ్లు కాకుండా వంటిల్లున్న ఫ్లాట్లు ఎందుకు తీసుకున్నారో అప్పుడు అర్థమైంది. నాలుగు రోజులకి పన్నెండుసార్లు నా పేరు రాశాడు. పెళ్లయ్యాక ఆయన నా పేరు ఇన్నిసార్లు రాయడం ఇదే.

సాయంత్రం తండ్రీకూతుళ్లకి అన్నం వడ్డిస్తూ చెప్పాను. "నేను రానండీ. కింద కూర్చోవడానికి కూడా రాను."

"ఎందుకు రావు?"

"మా అమ్మకి ఏడాది మైల పట్టేవాళ్లు ఇంకెవరూ లేరు. నేను పడతాను."

"పట్టేదేముంది అక్కడ? శాస్త్రంలోనే లేదు." చెంచా పక్కన పెట్టి గొంతు కొంచెం తగ్గించాడు. "చూడు సూర్యా, మీ అమ్మకి రైలంటే ఎంత ఇష్టం! ఆవిడ పేరు చెప్పుకునైనా రా."

"ఇష్టమని మీకెప్పుడు తెలిసింది?"

"అదేం మాట?"

"తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం ఆమెతో రైలెక్కారా? ఆమె ఏ చేత్తో తినేదో కూడా మీరు చూసి ఉండరు. ఎప్పుడు తిందని మీ ముందు?"

"తొమ్మిదేళ్లు నా ఇంట్లో పెట్టుకున్నాను. ఏ అల్లుడు పెట్టుకుంటాడు?"

ఈ మాట ఆయన ఇదివరకు నాలుగైదుసార్లు అన్నాడు, ప్రతిసారీ అమ్మ పక్క గదిలో ఉండగానే అన్నాడు. ఈసారి వినడానికి ఆ గదిలో అమ్మ లేదు.

అప్పుడు కావ్యశ్రీ తలెత్తింది. "వెయిట్ వెయిట్. అమ్మా, త్రీ డేస్ ఏంటి? అత్త కూడా అంది."

చెప్పాను. కొడుక్కి ఏడాది, పెళ్లయిన కూతురికి మూడు రోజులు.

"దట్స్ సో అన్‌ఫెయిర్ లా!" అంది, ఇక్కడి పిల్లల యాసలో. కాసేపు పెరుగు కలుపుకుంది. "అంటే, నువ్వు చనిపోతే నాకు కూడా త్రీ డేసేనా? తర్వాత ఐ మస్ట్ గో హాలిడే, ఈజ్ ఇట్?"

 అది తండ్రి వైపు తిరిగింది. "డాడీ, మీకు కూడా అంతేనా? మీకు కూడా త్రీ డేసేనా?"

"తిను ముందు. అన్నం దగ్గర చావు మాటలేంటి?" అన్నాడు. కానీ ఆయన తినలేదు. చేయి కడుక్కుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల భువనతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు వినబడింది. "పిల్లకి కూడా నూరిపోస్తోంది," అన్న మాట ఒక్కటే స్పష్టంగా వినబడింది.

నూరిపోయలేదు. అది అడిగింది, నేను చెప్పాను.

ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. కావలసినవన్నీ పిల్ల ద్వారా. "మీ అమ్మని అడుగు కాఫీ ఉందేమో." నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉంటాను. భువన మాత్రం ఫోన్‌కి మెసేజీలు పెట్టింది. నా వల్ల పిల్ల మంచు చూడకుండా పోతుందట. చనిపోయిన వాళ్లను పట్టుకుని బతికున్న వాళ్లను ఏడిపించడం ఆడదాని లక్షణం కాదట. ఆఖర్న చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

వీసాకి వేలిముద్రలివ్వడానికి శనివారం పొద్దున అందరికీ అపాయింట్‌మెంట్. ముందురోజు నా పాస్‌పోర్టు, ఫారం, ఫోటో దిగాల్సిన స్టూడియో చిరునామా, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. నేను ఫోటో దిగలేదు. శనివారం ఎనిమిదింటికి ఆయన బూట్లు వేసుకుంటూ కవరు తెరిచి చూశాడు.

"ఫోటో ఏదీ?"

"దిగలేదు. చెప్పాను కదండీ, రానని."

ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. "మానెయ్," అన్నాడు. "నీ ఇష్టం. మేం వెళ్తాం. నీకోసం ఎవరూ ఆగరు."

కావ్యశ్రీ గుమ్మంలో నిలబడి గోరు కొరుక్కుంటోంది. "అమ్మా, నేను వెళ్లనా? స్నో చూడాలని ఉంది. కెన్ ఆర్ నాట్?"

"వెళ్లు. చెవులకి టోపీ పెట్టుకో," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. దానికి పదిహేనేళ్లు. కొండ ఎక్కొద్దని దానికి నేను చెప్పను, ఎవరితోనూ చెప్పించను.

లిఫ్టు దగ్గర నుంచి ఆయన మళ్లీ వెనక్కొచ్చాడు. తలుపులోంచి వంటింటి గట్టు చూపించాడు. లిటిల్ ఇండియా నుంచి నిన్న తెచ్చిన సంచులు ఉన్నాయి అక్కడ. కందిపప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు.

"రాకపోతే పోయావు. కందిపొడి, పులిహోర గుజ్జు అయినా చేసి పెట్టు. అక్కడ భువన అన్నం వండి కలుపుతుంది. జూన్ దాకా నిలవ ఉంటాయి, ఇవాళే మొదలుపెట్టు."

నేను తల ఊపలేదు. ఆయన దాన్ని చూసుకోలేదు.

పదకొండింటికి ఫోన్ చేశాడు. వెనక జనం మాటలు, నంబరు పిలుస్తున్న గొంతు. "పప్పు వేయించావా?"

"లేదు."

"ఎప్పుడు వేయిస్తావు?"

"వేయించను."

 నంబరు పిలిచినట్టున్నారు, పెట్టేశాడు.

స్టవ్ వెలిగించలేదు. మూకుడు దించలేదు. సంచుల ముడులు విప్పకుండా అలాగే గట్టు మీద వదిలేసి, వచ్చి సోఫాలో కూర్చున్నాను.