‘అలాగేనండి’ భాస్కరానికి హిప్నాటిజం

కడియంలో మైకు సెట్టు భాస్కరాన్ని ఎరగనివాళ్లు లేరు. దుకాణం బోర్డు మీద ‘శ్రీ భాస్కర సౌండ్స్’ అని ఎర్రక్షరాలతో రాయించుకున్నాడు గానీ, ఊళ్లో అందరూ అతన్ని ‘అలాగేనండి భాస్కరం’ అనే అంటారు. ఎవరేమడిగినా ఆ మహానుభావుడి నోట్లోంచి వచ్చే మాట అదొక్కటే మరి.

తండ్రిగారు కోనసీమలో పౌరోహిత్యం చేసేవారు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మంత్రాలు చెబుదామంటే వీడి చెవి మంత్రం మీద ఉండేది కాదు, గుళ్లో మైకు మీద ఉండేది. అదెందుకు కుయ్‌మంటోంది, ఆ వైరు ఎక్కడ వదులైంది, ఇదే ధ్యాస. ‘వీడు దేవుడికి పనికిరాడు, మైకుకే పనికొస్తాడు’ అని ఆయన ఓ దణ్ణం పెట్టి వదిలేశారు.

మంచివాడా అంటే వెన్నలాంటి మనిషి. కానీ మంచితనానికైనా ఓ హద్దూ పద్దూ ఉండాలి కదండీ! ఓసారి ద్వారపూడి స్టేషన్లో ఎవరో పెద్దాయన ‘మీరు వీర్రాజు గారే కదూ’ అని చెయ్యి పట్టుకున్నారు. అంత ఆప్యాయంగా అడిగినాయన్ని కాదనడం బాగోదని ‘ఆయ్, అవునండి’ అన్నాడు భాస్కరం. ఆయన వెంట పెళ్లికి వెళ్లి, వీర్రాజు గారి బదులు అక్షింతలు వేసి, మామిడికాయ పప్పు మారు వడ్డించుకుని మరీ వచ్చాడు. అసలు వీర్రాజు గారు అదే బంతిలో ఎదురుగా కూర్చుని ఉన్నారని తర్వాత తెలిసింది. ఆయన కూడా మొహమాటపడి నోరు మెదపలేదట.

ఇలాంటి మనిషితో కాపురం చేస్తోంది మాణిక్యాంబ. ఆవిడకి పాత పాటలొచ్చు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పెళ్లిపాటలు, బంతులాట పాటలు, అలకపాన్పు పాటలు, ఇప్పుడెవరికీ రానివి. మొగుడి మైకులో ఊళ్లో ఎవరెవరో మాట్లాడారు, పాడారు, తిట్టుకున్నారు. ఆవిడ పాట మాత్రం పోపుల డబ్బా దాటి బయటికి రాలేదు. అలాంటిది ఆ ఏడాది నర్సరీల వాళ్లంతా కలిసి పూల పండగ పెట్టుకుని, ఆదివారం సాయంత్రం ఓ గంట పాడాలని ఆవిడని బొట్టు పెట్టి పిలిచారు. ఆవిడ మొగుణ్ణి కోరింది ఒక్కటే. కొత్త సెట్టు పెట్టమంది.

పాత సెట్టులో ఎవరు పాడినా పడిశం పట్టినట్టే ఉంటుంది. కొత్తదాంట్లో అయితే గాజుల చప్పుడు గాజుల చప్పుడులాగే వినిపిస్తుంది. భాస్కరం సంతోషంగా తలూపాడు.

గురువారం పొద్దున్న లోకనాథ్ గారు రోడ్డు మీద అతని పక్కన బండి ఆపారు. పెద్ద నర్సరీ ఆయనది. కడియం నుంచి బయల్దేరే లారీల్లో సగం ఆయన మొక్కలే వెళతాయి.

“భాస్కరం, ఆదివారం సాయంత్రం మా మనవడి పుట్టినరోజయ్యా. నీ కొత్త సెట్టు మాకు పంపించెయ్” అన్నారాయన.

ఆదివారమంటే మాణిక్యాంబ పాడే రోజు. ‘కుదరదండి’ అందామనుకున్నాడు. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కాళ్లు చాపుకుని కూర్చుంది. పైకి వచ్చింది మాత్రం, “ఆయ్, అలాగేనండి.”

సంగతి విని మాణిక్యాంబ అట్లకాడ కింద పడేసింది.

“ఇప్పుడే ఫోన్ చేసి కుదరదని చెప్పండి.”

“ఎలా చెప్పనే? పెద్దాయన. బాగోదు.”

“నేను పడిశం పట్టినట్టు పాడితే బాగుంటుందా?”

“అదీ బాగోదు” అని ఒప్పుకున్నాడు భాస్కరం. ఎవరేమన్నా ఒప్పుకోవడమే కదా అతని జబ్బు.

జబ్బన్నాక మందుండాలి. మాణిక్యాంబకి శరత్‌చంద్ర గుర్తొచ్చాడు. ఎక్కడో అనంతపురం వైపు నుంచి వచ్చి రాజమండ్రి దానవాయిపేటలో మేడమీద గది తీసుకున్న హిప్నాటిస్టు ఆయన. నత్తి, సిగరెట్లు, పరీక్షల భయం, మొహమాటం, అన్నీ పోగొడతానని బోర్డు పెట్టాడు. పండగలకి స్టేజి షోలు కూడా చేసేవాడు. వాటికి మైకు భాస్కరానిదే. 

“అందరూ హిప్నాటిజంలోకి వెళ్లరండీ. కొందరు ఇట్టే వెళ్లిపోతారు, కొందరు సగంలో ఆగిపోతారు, కొందరు తలకిందులుగా తపస్సు చేసినా రారు. మావైపు పదిమందిలో ఇద్దరు లోతుకి వెళితే గొప్ప. మీ గోదావరి జిల్లాల్లో మాత్రం పదికి తొమ్మిదిమంది పడిపోతున్నారు! ఈ నీళ్లలోనే ఏదో ఉంది” అని శరత్‌చంద్ర పొంగిపోయేవాడు పాపం.

నీళ్లలో ఏముందో స్టేజి వెనక వైర్లు చుట్టుకునే భాస్కరానికి తెలుసు. మొరగమంటే మొరిగి, ఈదమంటే చాప మీద ఈదిన జనం కిందికి దిగాక అతనితో చెప్పేది ఒకటే. “అంత దూరం నుంచి వచ్చాడు, చెమటలు కక్కుకుంటూ చెబుతున్నాడు. నాకు మైకం రాలేదంటే చిన్నబుచ్చుకోడూ? బాగోదు కదండీ.”

ఒళ్లు తెలియకుండా పోయినవాణ్ణి మాత్రం భాస్కరం ఒక్కణ్ణే చూశాడు. ధవళేశ్వరంలో చేపలు పట్టే సత్తియ్య. చెయ్యి బరువెక్కుతోంది, రెప్పలు బరువెక్కుతున్నాయి అని శరత్‌చంద్ర ఎంత బతిమాలినా, “నా చెయ్యి నాకు తేలిగ్గానే ఉందండి” అని కుర్చీలో గుండ్రాయిలా కూర్చున్నాడు. జనం విసుగెత్తి లేచిపోతున్నారు. భాస్కరం కంగారుపడి, వాళ్లని ఆపడానికి జాతర డప్పులు రికార్డు చేసింది పెట్టాడు. అంతే! సత్తియ్య కుర్చీ ఎగిరి అవతల పడింది. ఒళ్లంతా ఊగిపోతూ, “నా గుడికి పందిరెయ్యలేదేరా!” అని హిప్నాటిస్టు జుట్టు పట్టుకున్నాడు. 

“వేయిస్తానమ్మా, తల్లీ, వదులమ్మా” అని శరత్‌చంద్ర చెంపలేసుకున్నాడు. వేపమండలు తెమ్మని మైకులోనే కేకలు పెట్టాడు. పూనకం దిగాక సత్తియ్యకి ఒక్క ముక్క గుర్తులేదు. టీ అడిగి తాగి వెళ్లిపోయాడు. డప్పుకి లేచేవాడు మాటకి పడుకోడని, ఒకరి మైకం ఇంకొకరికి పట్టదని భాస్కరానికి ఆ రోజే తెలిసింది. ఇన్ని తెలిసీ, భార్య రమ్మంటే శుక్రవారం రాజమండ్రి బయల్దేరాడు. రానంటే బాగోదు కదా.

శరత్‌చంద్ర అతన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టాడు. గొలుసుకి కట్టిన బిళ్ల ఊపుతూ గొంతు తగ్గించాడు. “మీరు రేవు మెట్లు దిగుతున్నారు... చల్లగా ఉంది... ఒక్కొక్క మెట్టూ దిగుతున్నారు...”

భాస్కరం నిజంగానే దిగుదామని చూశాడు. కానీ పైన ఫ్యాను కటకటమంటోంది. బేరింగు పోయింది. కాస్త గ్రీజు పెడితే సరిపోతుంది. చెబుదామా, వద్దా? మెట్లు దిగాల్సినవాడు మనసులో స్టూలు ఎక్కి ఫ్యాను విప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో ముక్కు మీద ఈగ వాలింది. తోలితే మెలకువగా ఉన్నానని తెలిసిపోతుంది, శరత్‌చంద్ర గారు నొచ్చుకుంటారు. ఈగ ముక్కు మీంచి పెదవి మీదికి, పెదవి మీంచి మీసంలోకి తీర్థయాత్ర చేసింది. భాస్కరం ఉలకలేదు, పలకలేదు. ఇంకా నమ్మకంగా ఉంటుందని చిన్న గురక కూడా కలిపాడు.

“చూశారామ్మా, ఎంత లోతుకెళ్లిపోయారో! ఈగని కూడా తోలుకోవట్లేదు” అన్నాడు శరత్‌చంద్ర. మాణిక్యాంబ చేతులు జోడించింది.

“భాస్కరం గారూ, ఇకనుంచి ఇష్టంలేనిది ఎవరడిగినా మీరు కుదరదంటారు. ఇప్పుడు పరీక్ష. ఆదివారం నాకు షో ఉందనుకోండి, మీ కొత్త సెట్టు ఇస్తారా?”

భాస్కరం కళ్లు మూసుకునే ఆలోచించాడు. ఇస్తానంటే వైద్యం పనిచెయ్యలేదని ఆయన మనసు చివుక్కుమంటుంది. ఆయనకి కావలసింది కాదనడమే. పాపం ఆయన కోరింది చెయ్యకపోతే ఏం బాగుంటుంది?

“కుదరదండి” అన్నాడు ఎంతో మర్యాదగా.

శరత్‌చంద్ర చప్పట్లు కొట్టాడు. మాణిక్యాంబకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ సంతోషంలో దారిలో ఆగి అతనికి రోజ్ మిల్క్ ఇప్పించింది. గ్లాసు సగమైందో లేదో ఫోన్ మోగింది. లోకనాథ్ గారు.

“సెట్టు కోసం రేపు పొద్దున్న నేనే వస్తానయ్యా. ఇస్తావుగా?”

“ఆయ్, మీరు రావడమూ, నేను ఇవ్వకపోవడమూనా? అలాగేనండి.”

మాణిక్యాంబ తన గ్లాసు బల్ల మీద పెట్టేసింది. “మరి అక్కడ కుదరదన్నారు?”

“ఆయన అనమన్నాడే! అనకపోతే బాధపడడూ?”

బస్సులో ఆవిడ వెళ్లి వేరే సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది. “కుక్కలా మొరిగినవాళ్ల గొంతు కూడా మీ మైకులో జనమంతా విన్నారు. నా గొంతు ఒక్కటే వినలేదు. ఊళ్లో అందరి దగ్గరా మీకు మొహమాటమే, నా దగ్గర తప్ప. నేను చిన్నబుచ్చుకుంటే మాత్రం మీకు బాగానే ఉంటుంది.”

ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. భాస్కరానికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే షెడ్డులో యాంప్లిఫయర్ మూత విప్పుకుని కూర్చున్నాడు. సెట్టు ఎవరింటికి వెళ్లినా శుభ్రంగా పలకాలి కదా, ఓ పక్క బాక్సులో గురగుర వస్తోంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి ఆ పొగ ముక్కుకి తగిలేసరికి భాస్కరం ఈ లోకంలో లేడు. ఇది మాణిక్యాంబకి కొత్త కాదు. పూర్వం ఇలాగే కూర్చుని ఉండగా ఆస్పత్రి నుంచి ఎవరో పరిగెత్తుకొచ్చి కొడుకు పుట్టాడని చెబితే, ‘వోల్టేజి సరిపోదు’ అన్నాడట. ఆ కాసేపు మనిషికి మర్యాదలుండవు, అండీలు గారులు ఉండవు. లోపలున్నది ఉన్నట్టు బయటికొచ్చేస్తుంది.

అందుకే లోకనాథ్ గారు ట్రాలీ ఆటో వేసుకుని రాగానే ఆవిడ ఆయన చేతికి కాఫీ ఇచ్చి, తిన్నగా షెడ్డులోకి తీసుకెళ్లింది. “ఆయన్నే అడగండి” అంది. ఆ తర్వాత జరిగింది భాస్కరం నలుగురూ చెప్పగా వినడమే గానీ అతనికేమీ తెలియదు.

“ఏం భాస్కరం, సెట్టు ఎక్కించమంటావా?” అన్నారు లోకనాథ్ గారు.

“కుదరదు.” తల కూడా ఎత్తలేదు.

“నేనయ్యా, లోకనాథ్‌ని!”

“ఎవరైతే ఏంటి? మా ఆవిడ పాడుతోంది. ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇలా పడెయ్.”

అంత పెద్ద నర్సరీ యజమాని వంగి, వైర్ల మధ్య వెతికి, స్క్రూడ్రైవర్ తీసి అందించారు. మాణిక్యాంబ నోట్లో కొంగు కుక్కుకుంది.

గురగుర ఆగాక భాస్కరం తలెత్తాడు. ఎదురుగా కాఫీ గ్లాసుతో లోకనాథ్ గారు! ఒక్క గంతులో లేచి నిలబడ్డాడు. “అయ్యయ్యో, ఎంతసేపైందండీ వచ్చి? కూర్చోండి, కూర్చోండి.”

“ఇప్పుడే కదయ్యా కుదరదన్నావు?”

“నేనా?” భాస్కరం రెండు చేతులూ జోడించాడు. “అయ్య బాబోయ్! తప్పైపోయిందండి. ఏదో ధ్యాసలో అనేశానండి. సెట్టు మీకే...”

అక్కడ ఆగాడు. గుమ్మంలో మాణిక్యాంబ. మొహంలో కోపం కూడా లేదు. ఏం వినబోతోందో ముందే తెలిసిపోయినట్టు లోపలికి వెళ్లడానికి అటు తిరిగింది. అలా తిరగడం చూసి అతనికి నిన్న ఆవిడన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు సాకు చెప్పుకోవడానికి హిప్నాటిస్టూ లేడు, డప్పులూ లేవు, సోల్డరింగ్ పొగా లేదు. నిక్షేపంగా మెలకువగా ఉన్నాడు. వచ్చిన చిక్కంతా అదే.

“కుదర...” అన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. “కుదర... దండి. మా ఆవిడ పాడుతుందండి. ఏమీ అనుకోకండి.”

అనేసి, నెత్తిన పిడుగు పడుతుందేమోనని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

“ఆ ముక్క మొన్ననే చెప్పొచ్చుగా! ఇందులో అనుకోవడానికేముంది? వేమగిరి వాళ్ల సెట్టు చెప్పుకుంటాను” అన్నారు లోకనాథ్ గారు. గ్లాసు మాణిక్యాంబకిచ్చి, కాఫీ బాగుందమ్మా అని, ఖాళీ ట్రాలీ వెనక్కి తిప్పించుకుని వెళ్లిపోయారు.

“ఇంతేనా?” అన్నాడు భాస్కరం షెడ్డు మధ్యలో నిలబడి.

ఆదివారం సాయంత్రం బంతిపూల కుండీల మధ్య చిన్న స్టేజి కట్టారు. శరత్‌చంద్ర ముందు వరసలో కూర్చుని, భాస్కరం గారికి మొహమాటం తన చేతి మీదుగానే పోయిందని పక్కవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఎవరూ కాదనలేదు. మాణిక్యాంబ నేత చీర కట్టుకుని మైకు ముందు కూర్చుంది. మొదటి పాటకి గొంతు వణికింది. రెండోది అలిగి కూర్చున్న పెళ్లికొడుకుని ఆటపట్టించే పాట. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మూడోది పిల్లని అత్తారింటికి పంపే పాట. నవ్వినవాళ్లే ముక్కులు చీదుకున్నారు.

మైకు ముందు ఎవరు పాడినా భాస్కరం వినేది పాట కాదు, సెట్టు. గొంతు గీచుకుంటోందా, బాక్సు అదురుతోందా అని చూసుకుంటూ యాంప్లిఫయర్ మీంచి చెయ్యి తీసేవాడు కాదు.

జనం వెళ్లిపోయాక మాణిక్యాంబ వచ్చి అతని పక్కన కూర్చుంది. ఎలా పాడానని అడగాలని ఆవిడకి నాలిక చివర దాకా వచ్చింది. కానీ అడిగి ఏం లాభం? బాగుందనే అంటాడు. ఎవరడిగినా అదే అంటాడు. అందుకని ఇంకోటి అడిగింది.

“సెట్టు ఎలా పలికిందండీ?”

భాస్కరం యాంప్లిఫయర్ వంక చూశాడు. తర్వాత, ఒళ్లో పెట్టుకున్న తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

“ఏమోనే మాణిక్యం. అసలు చూసుకోలేదు.”