అంగుళానికి పన్నెండు

మొన్న మనవరాలి స్కూలు చొక్కా ఆరేస్తుంటే పక్క కుట్టు గోటికి గరగరా తగిలింది. చూపు మందగించినా వేలు ఊరుకోలేదు, లెక్కపెట్టేసింది. అంగుళానికి ఏడే కుట్లు. ఇదేం కుట్టని గొణిగితే కోడలు నవ్వింది. ఆమెకు రాజమ్మ టీచరమ్మ తెలియదు.

యాభైలలో, కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో, మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నప్పుడు, అక్కడ ఆడపిల్లలకు మిషన్ కుట్టు నేర్పే కేంద్రం పెట్టారు. నేర్పేది రాజమ్మ టీచరమ్మ. మనిషి పొడవు, మాట పొట్టి. మేం కుట్టిన గుడ్డ మీద టేపు పరిచి, గుండుసూది మొనతో ఒక్కో కుట్టూ తాకుతూ మొదట, నడుమ, చివర మూడుచోట్ల లెక్కపెట్టేది. అంగుళానికి పన్నెండు రాకపోతే విప్పమనేది. ఆమె దగ్గరికొస్తేనే నాకు భయమేసేది. నేను పుల్లలచెరువు దగ్గర గొర్రెలు మేపుతూ పెరిగినదాన్ని. పరీక్ష తప్పితే మళ్లీ మంద వెంటే పోవాలని నాయన ముందే చెప్పేశాడు. నాకేమో ఆమెలాగే టీచరు కావాలని పిచ్చి ఆశ.

పరీక్షకు ఇంకో వారముందనగా నా గుడ్డ మీద మొదట పన్నెండు, నడుమ ఎనిమిది, చివర మళ్లీ పన్నెండు వచ్చాయి. అందరి ముందూ చీవాట్లు తప్పవనుకున్నాను. టీచరమ్మ గుడ్డను వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మీ, ఈ నడిమి కుట్లు వేసేటప్పుడు నేను యాడుంటి?"

"నా వెనకాల నిలబడినారు, టీచరమ్మా."

"అప్పుడేం చేసినావు?"

"భయమేసి గుడ్డను గుంజినా. బిరీన అయిపోతాదని."

ఆమె కుర్చీలో కూర్చుంది. "గుంజితే కుట్టు సాగుతాది. నీ చెయ్యి మంచిదేలే. నేను ఆడ నిలబడిందే తప్పు."

పెద్దవాళ్లు తమ తప్పు ఒప్పుకోవడం నేను అంతవరకూ వినలేదు. ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి నేను కుట్టేటప్పుడు ఆమె వాకిట్లో కూర్చునేది. మెల్లగా నా చెయ్యి కుదుటపడింది.

పరీక్ష రోజు కర్నూలు నుంచి వచ్చిన అధికారి నా గుడ్డ మీద టేపు పెట్టాడు. మూడుచోట్లా పన్నెండే. ఆయన పక్క మిషన్ దగ్గరికి కదిలాడు. పరుగున వాకిట్లోకి వెళ్లి టీచరమ్మకు చెప్పాను.

"నడుమ కూడానా?" అని అడిగింది.

"నడుమ కూడా. మీరు బయటుండబట్టే."

"బయట ఉండలేకపోయినా లేమ్మీ. నడుమ ఒకసారి లోపలికొచ్చి నీ వెనకాల్నే నిలబడినా. నువ్వు చూడనేలేదు."

ఆమె వెనకున్నా నా చెయ్యి గుడ్డను గుంజలేదన్నమాట. తర్వాత ముప్పై ఏళ్లు నేనూ కుట్టు నేర్పాను. ఏ పిల్ల చెయ్యి తడబడినా, ముందు నేనెక్కడ నిలబడ్డానో చూసుకునేదాన్ని.